కర్ర ఎత్తి అన్నాడా, ఊరికే అన్నాడా?

తెలుగులో బెదిరింపులకు కరువు లేదు. నీ అంతు చూస్తా, తోలు తీస్తా, కాళ్లు విరగ్గొడతా, నీ సంగతి తేలుస్తా, బయట కనపడు చెప్తా. వీటిలో సగం మనం మొదట విన్నది అమ్మ నోటే. స్నానానికి రమ్మంటే రాని పిల్లాడి వెంటపడి ‘ఇవాళ నిన్ను చంపేస్తా’ అన్న తల్లి మీద ఎవరూ కేసు పెట్టరు. అదే మాట పక్క పొలం ఆసామి అంటే మాత్రం రాత్రంతా నిద్ర పట్టదు, తెల్లారగానే స్టేషన్‌కి పోతాం. అక్కడ ఫిర్యాదులు రాసుకునే రైటర్ అడిగే మొదటి ప్రశ్న చాలామందికి ఒళ్లు మండిస్తుంది: ‘కొట్టాడా, ఊరికే అన్నాడా?’

ఆ ప్రశ్నలో సగం న్యాయం ఉంది. మాటకీ చేతకీ చట్టం నిజంగానే తేడా చూస్తుంది. మిగతా సగం తప్పు. ఎందుకంటే ఒక్క దెబ్బ కూడా పడకుండానే చట్టం ప్రకారం అసాల్ట్, అంటే ‘ఇప్పుడు కొట్టబోతున్నాడు’ అనిపించేలా చేసే నేరం, పూర్తయిపోవచ్చు. గంటసేపు నోటికొచ్చినట్టు బెదిరించినా అసాల్ట్ కాకపోవచ్చు.

ఒక ఊరు అనుకుందాం. పక్కపక్క పొలాలు, మధ్యలో గట్టు. దుక్కి అయ్యాక నారాయణ వచ్చి చూసుకుంటే గట్టు తన వైపు మూరెడు జరిగినట్టు కనిపించింది. పక్క పొలం సుబ్బయ్య వరసకి బాబాయ్. ‘ఏంటి బాబాయ్, గట్టుకి కాళ్లొచ్చాయా?’ అన్నాడు నారాయణ. సుబ్బయ్యకి మండింది. ఇక్కడి నుంచి కథ రకరకాలుగా నడవొచ్చు.

సుబ్బయ్య గట్టు మీద కూర్చుని, చేతిలో చుట్ట అలాగే ఉంచుకుని, ‘ఇంకోసారి ఈ గట్టు జోలికొస్తే నరికేస్తా’ అన్నాడు. మాట పెద్దదే. అసాల్ట్ మాత్రం కాదు.

లేదా అదే మాట అంటూ పక్కనున్న పార అందుకుని, లేచి రెండడుగులు ముందుకొచ్చాడు. పార ఇంకా భుజం దాకా కూడా లేవలేదు. నారాయణ వెనక్కి గెంతాడు. ఇది అసాల్ట్.

లేదా ఏమీ అనకుండా పార తీసుకుని, రెండడుగులు ముందుకొచ్చి, గట్టు మీది గడ్డి చెక్కడం మొదలుపెట్టాడు. నారాయణకి గుండె దడదడలాడి ఉండొచ్చు గానీ, రైతు పొలంలో పార పట్టుకోవడం నేరం కాదు.

రెండో కథనీ మూడో కథనీ పక్కపక్కన పెట్టి చూడండి. పార ఒకటే, అడుగులు రెండే. తేడా అంతా మాటలో ఉంది. మొదటి కథనీ రెండో కథనీ చూస్తే మాట ఒకటే, తేడా చేతిలో ఉంది. ఈ అంశంలో ఉన్న చిక్కంతా ఈ మూడు కథల మధ్యే ఉంది.

చట్టంలో ఉన్న మాట

భారతీయ న్యాయ సంహిత 130వ సెక్షన్ ఈ సంగతి చెబుతుంది. 2024 జులై 1కి ముందు ఇదే పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 351. సారాంశం ఇది: ఎదుట ఉన్న మనిషికి ‘వీడు ఇప్పుడు నా మీద చెయ్యి చేసుకోబోతున్నాడు’ అనిపించాలనే ఉద్దేశంతో గానీ, అలా అనిపించే అవకాశం ఉందని తెలిసి గానీ ఒక సైగ చేసినా, ఒక సన్నాహం చేసినా అది అసాల్ట్. దాని కిందే ఒక వివరణ ఉంది. వట్టి మాటలు అసాల్ట్ కావు; అయితే ఆ మాటల వల్ల సైగకో సన్నాహానికో వచ్చే అర్థం దాన్ని అసాల్ట్‌గా మార్చవచ్చు.

ఉదాహరణలు కూడా చట్టంలోనే ఉన్నాయి, 1860 నాటి ఐపీసీ నుంచి అలాగే వస్తున్నాయి. ఒకడు ఎదుటివాడి మీదికి పిడికిలి ఊపడం. ఇంకొకడు కరిచే కుక్క మూతికి కట్టిన చిక్కం విప్పడం మొదలుపెట్టడం. మూడోది మన సుబ్బయ్య కథే: కర్ర అందుకుని ‘నిన్ను బాదేస్తా’ అనడం. అక్కడ చట్టం చాలా జాగ్రత్తగా మాట్లాడుతుంది. ఆ మాట ఒక్కటే అయితే ఎట్టి పరిస్థితిలోనూ అసాల్ట్ కాదు. కర్ర అందుకోవడం ఒక్కటే అయితే కాకపోవచ్చు. రెండూ కలిస్తే కావచ్చు.

నాకు కుక్క ఉదాహరణ ఎక్కువ నచ్చుతుంది. అందులో ఆ మనిషి పిడికిలి బిగించలేదు, అడుగు ముందుకు వేయలేదు, నోరు కూడా విప్పలేదు. చిక్కం ముడి మీద వేళ్లు పెట్టాడంతే. చట్టం సన్నాహం అంటున్నది దీన్నే.

సెక్షన్‌లో రెండు మాటలు కేసు మొత్తాన్ని మోస్తాయి. ఒకటి ‘ఎదుట ఉన్న’. ఫోన్‌లో అరిస్తే 130 వర్తించదు, వాట్సాప్‌లో కత్తి బొమ్మ పంపినా వర్తించదు. రెండోది ‘చేయబోతున్నాడు’ అనే భావం. రేపు, వచ్చే వారం, బస్టాండ్ దగ్గర దొరికినప్పుడు అంటే కుదరదు. ఇప్పుడే, ఇక్కడే అన్నట్టుండాలి. ‘సాయంత్రం సెంటర్‌కి రా, చూసుకుందాం’ అనే మన జాతీయ సవాలు అందుకే ఈ సెక్షన్ గడప తొక్కదు.

ఎదుటివాడు నిజంగా హడలిపోయాడా లేదా అన్నది ముఖ్యం కాదు. నారాయణ కుస్తీ వస్తాదు అయినా, సుబ్బయ్య డెబ్బై ఏళ్లవాడైనా, ‘దెబ్బ వేయబోతున్నాడు’ అని అనిపించేలా చేస్తే చాలు. ఖాళీ తుపాకీ గురి పెట్టినా అంతే. అది ఖాళీదని పట్టుకున్నవాడికి తెలుసు, ఎదుటివాడికి తెలియదు. చట్టం ఎదుటివాడి కళ్లతో చూస్తుంది.

కత్తి మీద చెయ్యి వేసి కూడా కాదన్న మనిషి

కథ ఇంకో రకంగానూ నడవొచ్చు. సుబ్బయ్య పార పట్టుకుని నిలబడి, ‘మీ నాన్న మొహం చూసి వదిలేస్తున్నా గానీ, లేకపోతే ఈ పారతో ఒక్కటిచ్చేవాణ్ణి’ అన్నాడు.

ఇది మన పల్లెల్లో వారానికోసారి వినిపించే డైలాగ్. దీనికి సరిగ్గా సరిపోయే తీర్పు 1669 నాటిది, ఇంగ్లండ్‌లో. టర్బర్‌విల్, సావేజ్ అనే ఇద్దరి మధ్య తగాదా. ఒకాయన కత్తి పిడి మీద చెయ్యి వేసి, ‘ఇప్పుడు జడ్జీలు ఊళ్లో ఉన్న రోజులు కాకపోతే ఇలాంటి మాటలు పడేవాణ్ణి కాదు’ అన్నాడు. జడ్జీలు ఊళ్లోనే ఉన్నారు. అంటే ‘ఇప్పుడు నిన్నేమీ చేయను’ అని తనే చెప్పుకున్నట్టు. కోర్టు అది అసాల్ట్ కాదంది. చెయ్యి బెదిరించింది, మాట ఆ బెదిరింపును చెరిపేసింది. మాటకున్న శక్తి రెండు వైపులా పనిచేస్తుందని లా కాలేజీల్లో ఇప్పటికీ ఈ కేసుతోనే చెబుతారు.

అయితే షరతు పెట్టిన ప్రతి బెదిరింపూ ఇలా తేలిపోదు. ‘గట్టు దిగి పో, లేకపోతే వేసేస్తా’ అని పార ఎత్తితే అది ‘వదిలేస్తున్నా’ అన్నట్టు కాదు. నారాయణకి తన గట్టు మీద నిలబడే హక్కు ఉంది. దాన్ని వదులుకుంటేనే దెబ్బ తప్పుతుందని చెప్పడం దెబ్బకి ధర కట్టడమే. 1853లో రీడ్, కోకర్ కేసులో ఇంగ్లండ్ కోర్టు ఇదే చెప్పింది. పనివాళ్లు చుట్టుముట్టి, చొక్కా చేతులు పైకి మడిచి, బయటికి పోకపోతే మెడ విరుస్తామన్నారు. ఎవరూ ఒంటి మీద చెయ్యి వేయలేదు. అసాల్ట్ అనే తేల్చారు. చొక్కా చేతులు మడవడం అన్నది మన సినిమాల్లో ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు గానీ, అది చట్టంలో ఒక ‘సన్నాహం’ అని మాత్రం ఎవరూ చెప్పరు.

దూరం సంగతి కూడా ఒక పాత కేసులోనే తేలింది. 1830లో స్టీవెన్స్, మయర్స్ కేసు. చర్చి పరిధిలోని ఊరి సమావేశం, బల్ల చుట్టూ జనం. గొడవ చేస్తున్నవాణ్ణి బయటికి పంపాలని తీర్మానించారు. వాడు ‘నన్ను పంపడం కాదు, అధ్యక్షుణ్ణే కుర్చీలోంచి లాగేస్తా’ అంటూ పిడికిలి బిగించి వచ్చాడు. ఇద్దరి మధ్య ఆరేడుగురు కూర్చుని ఉన్నారు. అధ్యక్షుడి దాకా రాకముందే పట్టుకున్నారు. అందకపోయినా అసాల్టే అన్నారు, ఎందుకంటే అడ్డుకోకపోతే అందేవాడే. నష్టపరిహారంగా ఇప్పించింది ఒక షిల్లింగ్. గెలుపు గెలుపే, డబ్బు మాత్రం చిల్లర.

మన కోర్టులు ఈ ఇంగ్లిష్ తీర్పులకు కట్టుబడి ఉండనక్కర్లేదు. మన దగ్గర సెక్షన్ రాతలోనే ఉంది. కానీ సెక్షన్‌ని ఎలా చదవాలో అర్థం కావడానికి ఇవి బాగా పనికొస్తాయి.

‘దాడి’ అనే మాట చేసిన గందరగోళం

పేపర్లో ‘దాడి’ అని చదివితే మనకి నెత్తురు కనిపిస్తుంది. కర్రలతో దాడి, రాళ్లతో దాడి. అసాల్ట్ అనే ఇంగ్లిష్ మాటకీ తెలుగు పత్రికలు ఎక్కువగా ఇదే వాడతాయి. చట్టం తెలుగు పుస్తకాల్లో ‘దౌర్జన్యం’ అని కనిపిస్తుంది, అది కూడా జనం వాడుకలో ఇంకేదో అర్థం ఇస్తుంది. నిజానికి చట్టంలో దెబ్బ తగలడానికి వేరే సెక్షన్లు ఉన్నాయి. ఒంటి మీద చెయ్యి పడితే నేరపూరిత బలప్రయోగం, నొప్పి కలిగితే గాయపరచడం, ఎముక విరిగితే తీవ్ర గాయం. వీటన్నిటికీ ముందు, దెబ్బకీ ఒంటికీ మధ్య ఉన్న ఆ క్షణం పేరే అసాల్ట్. అందుకే ఈ వ్యాసంలో ఆ ఇంగ్లిష్ మాటనే ఉంచేశాను.

శిక్ష చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 131వ సెక్షన్ కింద మామూలు అసాల్ట్‌కి గరిష్ఠంగా 3 నెలల జైలు, లేదా 1,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఎదుటివాడు తీవ్రంగా, హఠాత్తుగా రెచ్చగొట్టాడని తేలితే ఇంకా తగ్గి నెల రోజులే. అదే మనిషి అదే పారతో, కొట్టడానికి సిద్ధమై నారాయణ ఇంట్లోకి జొరబడితే 333వ సెక్షన్ కింద శిక్ష 7 ఏళ్ల దాకా పోతుంది. గడప దాటడం అంత పెద్ద విషయం.

మనిషి ఎవరన్నది బట్టి కూడా లెక్క మారుతుంది. ఒక స్త్రీ మర్యాదకి భంగం కలిగించే ఉద్దేశంతో అసాల్ట్ చేస్తే 74వ సెక్షన్ కింద కనీసం ఏడాది, గరిష్ఠంగా 5 ఏళ్లు. ఎస్సీ, ఎస్టీలను అవమానించాలన్న ఉద్దేశంతో నలుగురి కళ్లెదుట బెదిరిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వస్తుంది. అక్కడ చెయ్యి ఎత్తాల్సిన పని లేదు, నోరు చాలు.

ఆఫీసులో అరిస్తే?

మామూలు అసాల్ట్ కంటే కోర్టుల దాకా ఎక్కువగా వెళ్లేది దీని పెద్దన్న: ప్రభుత్వ ఉద్యోగిని విధి నిర్వహణలో అడ్డుకోవడానికి చేసే అసాల్ట్. ఇప్పుడు 132, పాత ఐపీసీ 353. రెండేళ్ల దాకా జైలు, నాన్ బెయిలబుల్, పోలీసులు నేరుగా అరెస్టు చేయగల నేరం. ఆఫీసు కౌంటర్ పక్కన గోడకి ‘విధులకు ఆటంకం కలిగిస్తే చర్యలు’ అని బోర్డు పెట్టేది ఇలాంటి సెక్షన్లను తలుచుకునే. పాస్‌బుక్ కోసం ఆరోసారి తిరుగుతున్న మనిషి గొంతు పెంచగానే ఆ బోర్డు వైపు వేలు చూపిస్తారు.

సుప్రీంకోర్టు రెండుసార్లు ఇక్కడ గీత గీసింది. 2015లో బెంగళూరు నుంచి వచ్చిన కేసు. కారు, ఆటో గుద్దుకున్నాయి, ఆటోలో ఉన్నామెకి దెబ్బ తగిలింది. కారు నడిపినవాళ్లని స్టేషన్‌కి పిలిచారు. అక్కడ ఇన్‌స్పెక్టర్ ప్రవర్తన బాగోలేదని వాళ్లు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో రాశారు. దాని మీద 353, నేరపూరిత బెదిరింపు సెక్షన్ 506 రెండూ పెట్టారు. ఫేస్‌బుక్‌లో రాయడంలో అసాల్ట్ ఎక్కడుందని కోర్టు కొట్టేసింది. బెదిరింపు గురించీ ఒక ముఖ్యమైన మాట చెప్పింది: ఎదుటివాణ్ణి భయపెట్టాలన్న ఉద్దేశం లేకుండా ఏవో మాటలన్నంత మాత్రాన సరిపోదు.

2025 జనవరిలో ఇంకోటి, ఇదీ బెంగళూరుదే. కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ ఆఫీసుకి రికార్డులు చూసుకోవడానికి వెళ్లిన ఒకాయన సిబ్బంది మీద అరిచి బెదిరించారని 353 కింద కేసు. హైకోర్టు కొట్టివేయనంది. సుప్రీంకోర్టు మాత్రం అరవడం, బెదిరించడం అసాల్ట్ కిందికి రావని చెప్పి కేసు కొట్టేసింది. గోడ మీద బోర్డులు మారతాయని నేననుకోను గానీ, కౌంటర్ ముందు నిలబడే మనిషికి ఈ తీర్పు తెలిసి ఉండటం మంచిది. కౌంటర్ మీదుగా చెయ్యి చాపి కాలర్ అందుకోబోతే మాత్రం ఈ తీర్పు కాపాడదు.

ఆస్పత్రుల సంగతి వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వైద్య సిబ్బంది రక్షణ కోసం తెచ్చిన ప్రత్యేక చట్టం ‘హింస’ అనే మాటలోనే బెదిరింపుని కూడా చేర్చింది. డ్యూటీ డాక్టర్ మీద అరిచే బంధువుకి 130 లెక్కలు చెప్పుకుంటే సరిపోదు.

రేపటి బెదిరింపు

నారాయణ గట్టు మీద కోర్టులో దావా వేశాడు. ఆ రాత్రి సుబ్బయ్య ఫోన్ చేశాడు. ‘ఒరేయ్, కేసు వాపసు తీసుకో. లేకపోతే నీ గడ్డివాము ఉండదు, నీ ఇల్లూ ఉండదు.’

చేతిలో పార లేదు, మనిషి ఎదుట లేడు, ఇప్పుడే అన్న మాటా లేదు. 130 ప్రకారం ఇది సున్నా. కానీ ఇది నేరమే, ఇంకా పెద్ద నేరం. పేరు నేరపూరిత బెదిరింపు, సెక్షన్ 351. (పాత ఐపీసీలో 351 అంటే అసాల్ట్, కొత్త దాంట్లో 351 అంటే బెదిరింపు. పాత పుస్తకం పట్టుకుని వాదించేవాళ్లకి ఇది మంచి గుంత.) ఈ సెక్షన్ కింద చట్టం ఇచ్చిన ఉదాహరణ దాదాపు ఇదే: సివిల్ దావా నడపకుండా ఆపడానికి ఇల్లు తగలబెడతానని బెదిరించడం.

ఇక్కడ కొలమానం వేరు. ఒంటికి గానీ, పరువుకి గానీ, ఆస్తికి గానీ హాని చేస్తానని ఏ రకంగానైనా బెదిరించాలి. ‘ఏ రకంగానైనా’ అన్నది కొత్త చట్టంలో చేర్చారు. ఆ హాని బెదిరింపు విన్నవాడికే జరగాలని లేదు, అతనివాళ్లకి అన్నా చాలు. ఉద్దేశం భయపెట్టడమో, చేయాల్సిన పని లేనిది చేయించడమో, చేసుకునే హక్కున్నది ఆపించడమో అయి ఉండాలి. పరువు సంగతి కొత్తదేం కాదు. 1960లోనే సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఒకడు ఓ అబ్బాయినీ అమ్మాయినీ బలవంతంగా బట్టలిప్పించి ఫొటోలు తీసి, అవి బయటపెడతానని అమ్మాయి తండ్రికి ఉత్తరాలు రాసి డబ్బడిగాడు. బెదిరింపు నేరం నిలబడింది. ఇవాళ లోన్ యాప్‌ల వాళ్లు చేసేది అదే, ఉత్తరం బదులు వాట్సాప్.

హాని అంటే చట్టవిరుద్ధమైన హాని. ‘నీ మీద కేసు పెడతా’, ‘కోర్టుకి లాగుతా’ అనడం బెదిరింపు నేరం కాదు, హక్కు ఉన్న పని చేస్తాననడమే.

శిక్ష మామూలుగా రెండేళ్ల దాకా. చంపుతాననో, తీవ్రంగా గాయపరుస్తాననో, నిప్పు పెడతాననో బెదిరిస్తే ఏడేళ్ల దాకా. పేరు చెప్పకుండా దాక్కుని బెదిరిస్తే అదనంగా ఇంకో రెండేళ్లు. పార ఎత్తి మీదికొచ్చినవాడికి 3 నెలలు, మంచం మీద పడుకుని ఫోన్‌లో బెదిరించినవాడికి 7 ఏళ్లా అని అడగొచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఆలోచిస్తే అర్థమవుతుంది. పార దిగిపోతే ఆ భయం ఆ పూటకి తీరిపోతుంది. ఫోన్ భయం గడ్డివాము పక్కన రాత్రంతా కాపలా పడుకోబెడుతుంది, చివరికి దావా వాపసు తీసుకునేలా చేస్తుంది. ఇక మొదటి కథలో, చుట్ట తాగుతూ ‘గట్టు జోలికొస్తే నరికేస్తా’ అన్న సుబ్బయ్య? అసాల్ట్ నుంచి తప్పించుకున్నాడు గానీ, నిజంగా భయపెట్టి గట్టు జోలికి రాకుండా చేయాలనే అన్నాడని తేలితే 351 అతని కోసం కాచుకుని ఉంటుంది. కోపంలో నోరు జారిందని తేలితే లేదు. అమ్మ ‘చంపేస్తా’ ఈ గీతకి అవతల ఉంటుంది.

స్టేషన్లో ఏమవుతుంది?

కేంద్ర చట్టం షెడ్యూల్ ప్రకారం మామూలు అసాల్టూ, బెదిరింపూ రెండూ నాన్ కాగ్నిజబుల్. అంటే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. ఫిర్యాదు డైరీలో రాసుకుని కోర్టుకి వెళ్లమంటారు. పాత చట్టం కింద కొన్ని రాష్ట్రాలు బెదిరింపుని కాగ్నిజబుల్‌గా మార్చుకున్నాయి. ఒకే సంఘటనలో ఒక్క కాగ్నిజబుల్ నేరం ఉన్నా మొత్తం కేసుని అలాగే దర్యాప్తు చేయొచ్చు. అందుకే దారికి అడ్డం నిలబడ్డాడా, ఇంట్లోకి వచ్చాడా, నలుగురిలో బూతులు తిట్టాడా అని రైటర్ అడుగుతాడు. అవి ఊసుపోక అడిగేవి కావు. అడ్డుకోవడం, ఇంట్లో జొరబడటం, బహిరంగంగా బూతులు తిట్టడం కాగ్నిజబుల్ నేరాలు.

ఇంకో మార్గం ఊళ్లలో బాగా తెలిసిందే: బైండోవర్. ఇద్దరినీ తహసీల్దార్ ముందు నిలబెట్టి, శాంతికి భంగం కలిగించబోమని బాండ్ రాయించడం. శిక్ష కాదు గానీ, బాండ్ గడువు లోపల మళ్లీ పార ఎత్తితే డబ్బు పోతుంది. గట్టు తగాదాల్లో చాలాసార్లు కోర్టు కంటే ఇదే ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం. అసాల్ట్ మీద మాత్రమే కోర్టుకి వెళ్లదలిస్తే ఏడాది లోపు వెళ్లాలి, ఆ తర్వాత గడువు దాటినట్టే.

సాక్ష్యం దగ్గర ఒక తమాషా ఉంది. సీసీ కెమెరాల్లో చాలావాటికి శబ్దం ఉండదు. చెయ్యి కనిపిస్తుంది, మాట వినిపించదు. ఫోన్ రికార్డింగ్‌లో మాట వినిపిస్తుంది, జేబులో ఉన్న ఫోన్‌కి చెయ్యి కనిపించదు. పార కథ లాంటి కేసులో అసాల్ట్ నిరూపించడానికి రెండూ కావాలి. అందుకే పక్క చేలో కలుపు తీస్తున్న కూలీ చెప్పే ‘పార ఎత్తి, నరికేస్తా అంటూ మీదికి పోయాడండీ’ అన్న ఒక్క వాక్యానికి అంత విలువ.

దెబ్బ పడేదాకా ఆగాలా అని కూడా అడుగుతారు. అక్కర్లేదు. ఆత్మరక్షణ హక్కు మొదలయ్యేది, నేరం ఇంకా జరగకపోయినా, దాని ప్రయత్నం వల్లో బెదిరింపు వల్లో శరీరానికి ప్రమాదం ఉందన్న సహేతుకమైన భయం పుట్టినప్పుడే. భయం ఉన్నంతసేపే ఆ హక్కు. సుబ్బయ్య పార పడేసి వెనక్కి తిరిగాక రాయి విసిరితే, ఆ కేసులో ముద్దాయి నారాయణే.

డాలస్‌లో అంటే

ఈ లెక్కలు మన సరిహద్దు దాటితే మారిపోతాయి. ఇంగ్లండ్‌లోనే 1997లో, అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ పాత అభిప్రాయాన్ని పక్కన పెట్టింది. మాటలు అసాల్ట్ కావన్న సూత్రం సరికాదంది. ఒకడు స్త్రీలకి రాత్రుళ్లు ఫోన్లు చేసి మౌనంగా ఉండిపోయేవాడు. ఆ మౌనం కూడా అసాల్ట్ కావచ్చని తేల్చింది.

అమెరికాలో డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలో ఇంకా ముక్కుసూటిగా ఉంటుంది. అక్కడి శిక్షాస్మృతి 22.01 ప్రకారం వెంటనే ఒంటికి గాయం చేస్తానని తెలిసి బెదిరిస్తే అదే అసాల్ట్. పార ఎత్తాలన్న షరతు ఆ వాక్యంలో లేదు. జరిమానా 500 డాలర్ల దాకా. తీవ్రమైన గాయం చేస్తానన్న భయం వెంటనే కలిగించాలని బెదిరిస్తే ‘టెర్రరిస్టిక్ థ్రెట్’ అనే వేరే సెక్షన్, జైలు 180 రోజుల దాకా, కుటుంబ సభ్యుల మీద అయితే ఇంకా పైకి. పేరు విని హడలిపోకండి, ఉగ్రవాదంతో సంబంధం ఉండాలని లేదు. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో అపార్ట్‌మెంట్ గోడ అవతలివాళ్లు అత్యవసర నంబర్ 911కి ఫోన్ చేసి, ‘ఐ విల్ కిల్ యూ’ అని వినిపించిందంటే, వచ్చిన పోలీసుకి ‘మా భాషలో అది మామూలు మాటేనండీ’ అని వివరించడం కష్టం. వీసా మీద ఉన్నవాళ్లకి ఆ రాత్రి అరెస్టు రికార్డు ఒక్కటే ఏళ్ల తరబడి టెన్షన్.

మళ్లీ మన ఊరికే వద్దాం. నారాయణ స్టేషన్ బయట చెట్టు కింద కూర్చుని ఫిర్యాదు రాయించుకున్నాడు. అందరి ఫిర్యాదుల్లో ఉండే వాక్యమే ఉంది: ‘సదరు సుబ్బయ్య నన్ను అసభ్య పదజాలంతో దూషించి, చంపుతానని బెదిరించి, భయభ్రాంతులకు గురిచేసినాడు.’ రైటర్ అది చదివి పక్కన పెట్టి, తెల్ల కాగితం ఒకటి ఇచ్చాడు. ‘ఏం జరిగిందో అది రాయి బాబూ. వాడెక్కడ నిలబడ్డాడు, నువ్వెక్కడ నిలబడ్డావు, చేతిలో ఏముంది, సరిగ్గా ఏమన్నాడు.’

రెండో కాగితం ఇలా ఉంది: ‘ఉదయం ఏడు గంటలప్పుడు గట్టు దగ్గర మా ఇద్దరికీ మధ్య నాలుగు గజాల దూరం. సుబ్బయ్య కింద ఉన్న పార కుడి చేత్తో తీసుకుని, ఇంకోసారి ఈ గట్టు జోలికొస్తే నరికేస్తా అంటూ రెండడుగులు నా వైపు వచ్చాడు. నేను వెనక్కి గెంతి మడిలో పడ్డాను. పక్క చేలో కలుపు తీస్తున్నవాళ్లు చూశారు.’